చప్పుడు చేయకూడని మగ్గం

పొద్దున మిల్లు కూత వినపడగానే మా ఆయన లేచి మొహం కడుక్కుని, తువ్వాల భుజాన వేసుకుని, పని లేని మిల్లుకు బయల్దేరేవాడు. గేటు దాకా పోవాలి, టైమ్ ఆఫీసు కిటికీ ముందు నిలబడాలి, "వచ్చిన సారూ" అనాలి, తిరిగి రావాలి. అంతే. లోపల మిషన్లు నడవడం లేదు. కూత వేసేవాడు మాత్రం ఏ లోటూ రానివ్వకుండా రోజూ ఠంచనుగా వేసేవాడు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. తిండి పెట్టని మిల్లుకు మళ్ళీ పిలుపొకటి!

ఎనభైల మొదట్లో మాట ఇది. మేముండేది కాశిబుగ్గలో, సాలోళ్ళ గల్లీలో. మా ఆయన ఊరి చివర ఒక చిన్న నూలు మిల్లులో పనిచేసేవాడు. దూది రావడం లేదని, పైగా కరెంటు కోత అని చెప్పి ఒకరోజు సగం మందిని గేటు బయటే ఆపేశారు. తీసెయ్యలేదు, లేఆఫ్ అన్నారు. మళ్ళీ పని మొదలయ్యేదాకా ఇంట్లో ఉండండి, సగం జీతం వస్తుందన్నారు. అది విని నేను లోపల్లోపల సంతోషపడ్డాను కూడా. ఇంటి పట్టున ఉన్నవాడికి సగం జీతం వస్తే ఇంకేం కావాలి అనుకున్నాను. నా తెలివి అంత మరి.

ఆ సగం జీతానికి షరతులున్నాయని మర్నాడు టైమ్ ఆఫీసు గుమాస్తా చెప్పాడు. రోజూ పొద్దున గేటు దగ్గర కనపడాలి. పర్మనెంటు కార్మికుడై ఉండాలి, ఎవరైనా రాని రోజు వాళ్ళ జాగాలో వచ్చిపోయే బద్లీ వాళ్ళకు లేదు. అన్నిటికీ మించి, లేఆఫ్‌లో ఉన్నన్నాళ్ళు బయట ఏ పనీ చేసి సంపాదించకూడదు. చేసినట్టు తేలితే సగం జీతమే కాదు, మిల్లులో జాగా కూడా పోతుంది.

మా ఆయన వచ్చి ఈ సంగతి చెప్పేటప్పటికి మా మామ మగ్గం గుంతలో కూర్చుని తువ్వాల నేస్తున్నాడు. మా ఇంట్లో ముందుగది అంటే మగ్గమే. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి తొక్కుతుంటే పైన పడుగు పోగులు లేస్తూ దిగుతూ ఉంటాయి, వాటి మధ్యనుంచి నాడె అటూ ఇటూ ఉరుకుతుంది. నేను మరిపెడ నుంచి వచ్చినదాన్ని. మేమూ సాలోళ్ళమే గానీ మా నాయన మగ్గం మాని రోడ్డు పక్కన బట్టల దుకాణం పెట్టుకున్నాడు. అందుకే పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ టకటకకు నాకు తల పగిలిపోయేది. తర్వాత తర్వాత అది లేకపోతే పని తోచేది కాదు.

"బాపూ, జర ఆపు," అన్నాడు మా ఆయన.

"ఏందిరా?"

"మగ్గం నడిస్తే నేనే నేస్తాన్ననుకుంటరు. లేఆఫ్ పైసలు బందు పెడ్తరు."

మామ పెద్దగా నవ్వాడు. "నువ్వా? మిల్లుల చేరినంక మగ్గం మొకం జూసినవారా నువ్వు? గీ మగ్గం నాది, గీ చేతులు నాయి. నువ్వు నేస్తానవని ఎవడంటడు?"

"గది నీకెరుక, నాకెరుక. ఆళ్ళకెట్ల ఎరుకైతది? ఇల్లు ఒక్కటే గద."

మామ నవ్వడం ఆపి కొడుకు మొహం చూశాడు. నాడెను పడుగు మీద పెట్టి, కాళ్ళు గుంతలోంచి పైకి తీసుకున్నాడు.

"ఎన్ని దినాలు?" అన్నాడు.

"లేబరాఫీసుల మన ఫైలు తేలి పైసలొచ్చేదాక. ఓ నెల పడ్తదేమో."

తువ్వాల సగంలో ఉంది. ఆ నెల కాస్తా ఎండాకాలమంతా సాగి, వానలు మొదలైనా తెమల్లేదు.

మా గల్లీలో లేఆఫ్ పడింది మా ఒక్కరికే కాదు. అందరిళ్ళలోనూ మగ్గముంది, అందరికీ అదే భయం. ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో మగ్గం ఆగిపోయింది. మా గల్లీలో అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆగేది ఎవరైనా పోయినప్పుడే. శవం లేచేదాకా ఎవరూ నాడె ముట్టుకోరు. అందుకని బయటినుంచి వచ్చిన చుట్టాలు గల్లీ మొదట్లోనే ఆగిపోయి, గొంతు తగ్గించి, "ఎవరింట్ల?" అని అడిగేవాళ్ళు. ఎవరింట్లోనూ కాదని చెప్తే నమ్మేవాళ్ళు కాదు. ఆ ప్రశ్న వినీ వినీ నాకు లోపల భయం పట్టుకుంది. ఏదో ఇంటికి రావలసిన చావు దారి తప్పి మా గల్లీలోనే తిరుగుతున్నట్టు అనిపించేది.

ఆ రోజుల్లోనే సైకిలాయన రావడం మొదలైంది. మిల్లులో వాచ్‌మన్. రోజూ మా గల్లీ మూలకు రాగానే ఆయన సైకిలు చైను పడిపోయేది! దిగి, చైను పట్టుకుని, చెవులు రిక్కించి కూర్చునేవాడు. చైను ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది? ఆయనకు మాత్రం చాలాసేపు పట్టేది. పిల్లలు ఏ చెక్కముక్కతోనో గోడ మీద కొట్టినా తల్లులు పరిగెత్తి వాళ్ళ చేతులు పట్టుకునేవాళ్ళు. నేను రోట్లో కారం దంచడం కూడా మానేశాను.

ఒకరోజు నేరుగా మా గడప దగ్గరికే వచ్చాడు.

"మంచినీళ్ళియ్యి చెల్లె."

చెంబుతో ఇచ్చాను. గడగడా తాగుతున్నాడే గానీ కళ్ళు నా భుజం మీదుగా లోపలికి పోతున్నాయి. చెంబు దించి, మూతి తుడుచుకుని అన్నాడు:

"పడుగు మీద దుమ్ము లేదే."

నేను తలుపుకు అడ్డంగా జరిగాను. "దులిపిన అన్నా. ఇల్లన్నంక దులపనా?"

"దులుపుర్రి, దులుపుర్రి," అని చెంబు నా చేతికిచ్చి పోయాడు. అంతే. గట్టిగా ఒక మాట అనలేదు, బెదిరించలేదు. అట్లా అని ఉంటే నేనూ నాలుగు తిట్టి ఉందును. ఆ రోజునుంచి మగ్గం మీద దుమ్ము దులపడం మానేశాను.

హన్మకొండలో లేబరాఫీసుకు మాత్రం కాళ్ళరిగేలా తిరిగాం. మా ఆయనకు నోరు తక్కువ, అందుకని నేనూ వెంట పోయేదాన్ని. మొదట, నువ్వు పర్మనెంటు అని రుజువేంటన్నారు. మొదట్లో కొన్నేళ్ళు బద్లీ మీద చేసిన మాట నిజమే గానీ, పర్మనెంటు చేసి చాలా కాలమైంది, కార్డుంది. కార్డు చూపిస్తే మిల్లు వాళ్ళు ఒప్పుకున్నట్టు కాగితం కావాలన్నారు. అది తెచ్చేసరికి, గేటు హాజరు సరిపోయిందా అన్నారు. ఆ మాట తేలేసరికి ఆ ఆఫీసు సారు ట్రాన్స్‌ఫరయ్యాడు, కొత్త సారు మొదటినుంచి మొదలుపెట్టాడు. ఒక ముడి విప్పితే ఇంకో ముడి. ఎప్పుడు పోయినా అక్కడి గుమాస్తాది ఒక్కటే పాట.

"ఎలిజిబిలిటీ తేలాలె గదమ్మా."

ఒకరోజు నాకు ఆగలేదు. పొద్దున ఇంత జొన్న గట్క తిని, ఎండలో నడిచి పోయాం, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి మళ్ళీ అదే మాట అన్నాడు.

"మేం తింటానమా లేదా అన్నది ఎప్పుడు తేలుస్తరు సారూ?" అన్నాను.

మా ఆయన నా మోచేయి గిల్లాడు. గుమాస్తా కోపం తెచ్చుకోలేదు. ఫైలు మూసి దారం కట్టి, "ఇంటికి ఎంక్వైరీ సారు వస్తడు. ఆయన రాసినదాన్ని బట్టి ఉంటది," అన్నాడు. ఎప్పుడొస్తాడంటే, "చెప్పి వస్తే అది ఎంక్వైరీ ఎట్లయితది?" అన్నాడు. ఇక అప్పట్నుంచి గడప దగ్గర చెప్పుల చప్పుడైతే చాలు, ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

ఈ లోపల మామ చిక్కిపోతున్నాడు. జబ్బేమీ లేదు. తిన్న గట్క అరగదు, నడుము పట్టేసింది, మోకాళ్ళు వంగవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మగ్గంలో కాళ్ళాడించిన మనిషి, పని ఆగేసరికి బిగుసుకుపోయాడు. కళ్ళలో ఎప్పట్నుంచో పొర ఉంది. నేసేటప్పుడు ఆయనకు కళ్ళతో పెద్ద పనుండేది కాదు, వేళ్ళే చూసుకునేవి. ఇప్పుడు ఆ వేళ్ళకూ పని లేదు. గుంత గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసుకునేవాడు. "బిడ్డా, ఒక్క నాలుగు పోగులు, నెమ్మదిగ," అని నన్ను బతిమాలేవాడు, నేనేదో ఠాణేదార్‌నైనట్టు. వద్దు మామా అనాల్సొచ్చేది. మామగారికి కోడలు వద్దని చెప్పే రోజు వచ్చిందే అని ఏడుపొచ్చేది.

ఎదురింటి అక్క ఒకరోజు వచ్చి గుసగుసగా సలహా చెప్పింది. ఆమె మొగుడూ మా ఆయనతోపాటే లేఆఫ్‌లో ఉన్నాడు.

"చెల్లె, మేమైతె పడుగు కోసి తీసేసినం. మగ్గం బోడిగుంటె ఎవడేమంటడు? మీరు గూడ కొయ్యుర్రి."

అది నేను మామతో చెప్తే ఆయన నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. మా వాళ్ళు పడుగును ఉత్తగా కొయ్యరు. ఒక బట్ట అయిపోయినా పాత పోగుల కొసలు మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. మామ మగ్గం మీదున్న కొసలు ఆయన తండ్రి కాలంనుంచి అట్లా అతుక్కుంటూ వస్తున్నవే. కోసేస్తే మగ్గం ఎత్తేసినట్టే లెక్క.

"నేను పోయినంక కొయ్యుర్రి," అన్నాడు మామ. ఇక ఆ మాట ఎవరం ఎత్తలేదు.

ఎంక్వైరీ సారు ముసురు పట్టిన రోజు పొద్దున వచ్చాడు. మా ఆయన అప్పుడే గేటునుంచి తిరిగొచ్చాడు. వీధి మూల సైకిలాయన నిలబడి ఉన్నాడు, ఆ రోజు చైను కూడా పడలేదు. సారు గడప బయట చెప్పులు విడిచి, తడిసిన కళ్ళద్దాలు తుడుచుకుని లోపలికి వచ్చాడు. నెమ్మదస్తుడు. చాయ్ ఇస్తే కాదనలేదు. నేను కాస్త ధైర్యం తెచ్చుకున్నాను.

"ఈ మగ్గం ఎవరిది పెద్దాయనా?" అని మామను అడిగాడు.

"నాది సారూ."

"మీరే నేస్తారా?"

"నేనే. చిన్నప్పటిసంది."

"మరి ఆపేశారేం? తువ్వాల సగంలో ఉందే."

మామ మా ఆయన వైపు చూశాడు. దాచడం ఆయనకు చేతకాదు. "చప్పుడైతే కొడుకు నేస్తాండనుకుని పైసలు ఆపుతరని బంజేసిన సారూ."

సారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీ మగ్గం మీరు నేసుకుంటే ఎవరికేం అభ్యంతరం? లేఆఫ్ మీ అబ్బాయికి గదా. మిమ్మల్ని ఆపమని ఎవరన్నారు?"

ఎవరన్నారు? నేను వెతుక్కున్నాను. ఏ గుమాస్తా అనలేదు. సైకిలాయన అనలేదు. నిజానికి ఎవరూ అనలేదు. ఇన్నాళ్ళూ గల్లీ గల్లీ అంతా నోరు నొక్కుకుని కూర్చుంది ఎవరూ అనని మాటకు!

"సరే, ఒక్కసారి కూర్చుని నేసి చూపించండి. మగ్గం తండ్రిదే అని రాసుకుని పోతాను," అన్నాడు సారు.

మా ఆయన మొహం వెలిగింది. ఇంత చిన్న పనా అనుకున్నాడు పాపం. నేను మాత్రం మామ మోకాళ్ళ వైపు చూశాను.

మామ గట్టు మీద కూర్చుని ఒక కాలు లోపల పెట్టాడు. రెండోది వంగలేదు. చేత్తో పట్టి దించుకున్నాడు. పాదం తొక్కుడు చెక్కను వెతుక్కుంది. దొరికింది, తొక్కాడు. నెలల తరబడి కదలని పడుగు, పైగా ముసురుకు గంజి మెత్తబడి పోగులు ఒకదానికొకటి అంటుకున్నాయి. అరకొరగా విచ్చుకున్నాయి. నాడె విసిరితే మధ్యలో తట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ విసిరాడు. ఒక పోగు తెగింది. ఆ కొస కోసం వేళ్ళతో తడుముతుంటే పక్కనే ఇంకోటి తెగింది. మామ నుదుట చెమట పట్టింది. "ఆగుర్రి సారూ, ఒక్క నిమిషం, దొరుకుతది," అంటున్నాడు. కొస ఆయన చేతి పక్కనే ఉంది, ఆయనకు కనపడడం లేదు.

అప్పుడు, ఏం చెప్పను, మా ఆయన చెయ్యి చాచాడు.

ఆలోచించి చేసింది కాదు. వెనకనుంచి వంగి, తెగిన రెండు కొసలూ పట్టి, బొటనవేలు చూపుడువేలు మధ్య ఒక్క తిప్పు తిప్పాడు. పోగు అతికింది. రెండోదీ అతికింది. నేను కళ్ళు ఆర్పేలోపల అయిపోయింది. చేసిన తర్వాతే తనేం చేశాడో ఆయనకు తెలిసింది. చెయ్యి అట్లాగే గాలిలో ఆగిపోయింది.

సారు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"మీరు నేసి ఎన్నాళ్ళయింది?" అని మా ఆయనను అడిగాడు.

"మిల్లుల చేరినప్పటిసంది ముట్టలే సారూ. ఒట్టు."

"చెయ్యి చూస్తే అట్లా లేదే."

ఇక నాకు ఆగలేదు. "గది మగ్గం చెయ్యి గాదు సారూ, మిల్లు చెయ్యి! మిల్లుల ఈయన పనే తెగిన పోగులు అతుకుడు. పొద్దంత మిషన్ పొంటి నడుసుకుంట గదే పని. పోగు తెగితే ఊకుంటే ఆళ్ళే తిట్టిండ్రు, ఆళ్ళే నేర్పిండ్రు. నేర్పిన చెయ్యి అతికితే తప్పా?"

సారు నామాట మొత్తం విన్నాడు. నా మీద విసుక్కోలేదు. "కావచ్చమ్మా. కానీ నేను చూసింది రాయాలి గదా. పెద్దాయన నేయలేకపోవడం చూశాను. అబ్బాయి చెయ్యి ఆడడం చూశాను." రాసుకుని, చెప్పులేసుకుని, వానలో పోయాడు.

మా ఆయన గోడకు చేరగిలబడి తన కుడిచేతిని తానే చూసుకుంటూ కూర్చున్నాడు. మామ ఇంకా గుంతలోనే ఉన్నాడు. పడుగు మీద వేలితో మెల్లగా రాస్తూ ఆ అతుకు కోసం వెతుకుతున్నాడు.

"దొరుకుతలేదు," అన్నాడు చివరికి. "మంచిగ అతికినవ్ బిడ్డా."

నాకు ఆ క్షణాన తండ్రీకొడుకులిద్దరి మీదా ఎంత కోపమొచ్చిందో, ఇద్దరినీ పట్టుకుని ఎంత ఏడవాలనిపించిందో చెప్పలేను.

కాగితం రావడానికి మాత్రం ఆలస్యం కాలేదు. ఇన్నాళ్ళూ కదలని ఫైలు అప్పుడు పరిగెత్తింది. లేఆఫ్ కాలంలో ఇంటి మగ్గంపై పని చేసినట్టు తేలింది కాబట్టి అర్హుడు కాడన్నారు. గేటు దగ్గర కిటికీలోంచి గుమాస్తా, ఇక రోజూ రావలసిన పని లేదని చెప్పాడట. మా ఆయన ఆ మాట చెప్పి, చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, గుంతలోకి దిగాడు. ఎట్లాగూ నేసేవాడని రాశారు, ఇక నేస్తే తప్పేమిటి? మొదట తడబడ్డాడు. మామ పక్కన కూర్చుని, "మెల్లగ, మెల్లగ తొక్కు," అంటున్నాడు. కాసేపటికి టకటక మొదలైంది. ఎన్నాళ్ళకో విన్న చప్పుడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎదురింటి అక్క పరిగెత్తుకొచ్చింది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడి చేతులు జోడించింది.

"ఆపుర్రి చెల్లె, నీ కాళ్ళు మొక్కుత. మా ఇంటి ఎంక్వైరీ ఇంక గాలె. గల్లీల చప్పుడైతె మా మీదికి గూడ వస్తరు. మీది ఎట్లనో పోయె, మాది పోగొట్టకుర్రి."

ఆమె వెనక ఇంకో రెండిళ్ళ తలుపుల్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నోటికొచ్చినట్టు అందామని గడప దాటబోయాను. "ఊకో బిడ్డా," అన్నాడు మామ వెనకనుంచి. "ఆళ్ళు గూడ మనలెక్కనే గద."

కొడుకును పైకి రమ్మన్నాడు. గోడ సందులో దోపి ఉన్న కత్తి తీసుకున్నాడు. పడుగును ఎడమ చేత్తో గుప్పిట పట్టి, మెల్లగా, ఒకవైపు నుంచి మొదలుపెట్టి చివరిదాకా కోశాడు. పోగులు తెగుతున్నప్పుడు సన్నగా చిటచిటమన్నాయి. సగం తువ్వాలను మడిచి నా చేతిలో పెట్టాడు. ఎదురింటి అక్క కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మిల్లు కూత వేసింది. మా ఆయన లేచాడు. మొహం కడుక్కున్నాడు. తువ్వాల భుజాన వేసుకుని గడప దాకా పోయి ఆగిపోయాడు. తర్వాత వెనక్కి వచ్చి, వాళ్ళ బాపు పక్కన గుంత గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసుకున్నాడు.